అర ముందా, తలుపు ముందా? వంటింటి అల్మారాల శైలిపై ఒక సంవాదం

నాగార్జునసాగర్ రహదారి మీద ఇబ్రహీంపట్నానికి ఆనుకుని ఉన్న శేరిగూడలోనూ దాని చుట్టుపక్కలా ఇంజనీరింగు కళాశాలలు వెలసి, బొంగుళూరు దగ్గర బాహ్యవలయ రహదారి కలిసి, ఆదిబట్లలో సాఫ్ట్‌వేరు, విమాన విడిభాగాల పరిశ్రమలు నెలకొన్న తరువాత, సొంత జాగాలో ఇల్లు కట్టుకునే కుటుంబాల ముందుకు వంటింటి అల్మారాల ప్రశ్న గట్టిగానే వచ్చి నిలిచింది. స్లాబు పడి, గచ్చు పూర్తయి, చేతిలో డబ్బు పలచబడిన సమయంలో ఎదురయ్యే ప్రశ్న ఇది. దుకాణంలో చూపించే రంగుల పుస్తకాన్ని బట్టి ఒక్క పూటలో తేల్చేసే ఈ నిర్ణయంతో ఆ ఇంట్లో వండేవారు పదిహేను, ఇరవై ఏళ్ళు కాలం గడపవలసి ఉంటుంది.

అల్మారా శైలి అని సాధారణంగా చెప్పుకునేది బయటికి కనిపించే తలుపు రూపాన్ని మాత్రమే. ఆ తలుపు వెనుక సామాను బరువు మోసే అర లేదా పెట్టె ఒకటి, ఆ రెంటినీ కలిపే కీళ్ళు, సొరుగులు జారే పట్టాలు మరొకటి ఉంటాయి. అరను కట్టే తీరులో ఈ ప్రాంతంలో రెండు మార్గాలు పోటీ పడుతున్నాయి. వంటగట్టు కింద నిలువుగా గోడలో, రాతి పలకలో నిలిపి, అడ్డంగా కడప రాతిని పరిచి, ముందు భాగానికి తలుపులు మాత్రం బిగించడం పాత మార్గం. ప్లైవుడ్ లేదా అలాంటి బల్లలతో కార్ఖానాలో కొలత ప్రకారం పెట్టెలు చేసి తెచ్చి ఇంట్లో వరుసగా అమర్చడం కొత్త మార్గం, దీనినే మాడ్యులర్ కిచెన్ అంటున్నారు. ఈ రెండు పక్షాలనూ ఇక్కడ ఇద్దరు కల్పిత వ్యక్తులు వినిపిస్తారు. ఒకరు ఊళ్ళో దర్వాజాలు, తలుపులు చేస్తూ తల నెరిసిన వడ్రంగి. రెండవవారు ఆయన తమ్ముని కూతురు, నగరంలో ఇళ్ళ లోపలి అమరికను రూపొందించే వృత్తిలో ఉన్న యువతి.

వడ్రంగి: తలుపు ఏ రంగులో, ఏ రూపంలో ఉండాలని ముందుగా అడగడంలోనే తప్పు మొదలవుతున్నది బిడ్డా. వంటింట్లో పొద్దున లేచింది మొదలు నీళ్ళు పారుతుంటాయి, పోపు ఆవిరి లేస్తుంటుంది, తడి గంజులు తెచ్చి అరల్లో బోర్లిస్తుంటారు. కడప రాయి తడిస్తే తుడుచుకోవచ్చు. ఉబ్బదు, కుళ్ళదు, చెద పట్టదు. పచ్చడి జాడీ అడుగున నూనె, ఉప్పు ఊరి మరక పడినా రాయికి జరిగే నష్టం తక్కువ. చెక్క పెట్టెలో అదే జాడీ రెండేళ్ళు కూర్చుంటే దాని కింద పొర లేస్తుంది. తలుపు పాడైతే తలుపును మార్చుకోవచ్చు, అర నిలిచే ఉంటుంది. అర పాడైతే మాత్రం పైన ఉన్న గ్రానైటు గట్టుతో సహా కదిలించవలసి వస్తుంది.

రూపకర్త: అర మన్నికను గురించి చెప్పినదంతా నిజమే పెద్దనాయనా, అయితే ఆ అరలో వస్తువు తీసుకునే మనిషి మన్నికను గురించి కూడా మాట్లాడాలి. రాతి అర లోతు రెండు అడుగులు ఉంటుంది, వెనుక భాగం చీకటి. అడుగున వెనుక మూలలో ఉన్న గిన్నెను అందుకోవాలంటే ముందున్నవన్నీ బయట పెట్టి మోకాళ్ళ మీద కూర్చోవాలి. సొరుగైతే అరలోని సామానే ముందుకు వస్తుంది. నిలబడి పైనుంచి చూస్తే అన్నీ కనిపిస్తాయి. రాతి పలకలు ఎక్కడా సరిగ్గా ఒకే కొలతలో ఉండవు కనుక వాటి మధ్య సొరుగు పట్టాలు సమంగా కూర్చోవు. వాటికి మళ్ళీ లోపల చెక్క చట్రం కట్టాలి. మోకాళ్ళ నొప్పులున్న అత్తగారు, ఆఫీసుకు పరుగెత్తే కోడలు ఒకే గదిలో వండుకునే ఇంట్లో సొరుగును విలాసమని పక్కన పెట్టడం న్యాయం కాదు.

ఆమె వాదానికి చరిత్ర బలం ఉన్నది. కొలతలకు కట్టిన వంటిల్లు ధనికుల ముచ్చట కోసం పుట్టలేదు. 1926లో జర్మనీలోని ఫ్రాంక్‌ఫర్ట్ నగరం సామాన్యుల కోసం కట్టిన ఇళ్ళకు మార్గరెటె షుట్టె-లిహోట్‌స్కీ అనే ఆస్ట్రియా దేశపు వాస్తుశిల్పి ఒక వంటింటిని రూపొందించింది, సుమారు 1.9 మీటర్ల వెడల్పు, 3.4 మీటర్ల పొడవు ఉన్న గదిలో, వండే మనిషి వేసే ప్రతి అడుగునూ లెక్కలోకి తీసుకుని గట్టు, సింకు, అరలు అమర్చింది. అలాంటివి దాదాపు 10,000 వంటిళ్ళు ఆ నగరంలో ఏర్పడ్డాయి. పప్పు, బియ్యం, చక్కెర వంటి దినుసులకు పేర్లు రాసిన అల్యూమినియం డబ్బా సొరుగులు, పురుగు పట్టకుండా పిండికి ఓక్ చెక్క సొరుగులు అందులో ఉండేవి. పదార్థాన్ని బట్టి అరను ఎంచుకోవాలన్న ఆలోచన ఆ తొలి నమూనాలోనే ఉన్నదని గమనిస్తే, మొత్తం వంటింటికి ఒకే బల్ల, ఒకే పెట్టె అని అమ్మే నేటి పద్ధతి ఆ మూలసూత్రం నుంచి ఎంత జరిగిపోయిందో తెలుస్తుంది.

వడ్రంగి: అక్కడి ఆలోచన మంచిదే కావచ్చు బిడ్డా, అక్కడి కొలతలు మాత్రం ఇక్కడి మనుషులకు సరిపోవు. పుస్తకంలో గట్టు ఎత్తు 36 అంగుళాలని ఉంటే అదే ఎత్తున పెట్టెలు తెచ్చి దింపుతారు. అయిదడుగుల మనిషి దాని ముందు నిలబడి చపాతీ ఒత్తాలంటే భుజాలు పైకి లేపాలి. పొయ్యి ఆ గట్టు మీద ఇంకొంచెం ఎత్తున ఉంటుంది కనుక పెద్ద గంజులో ఏమున్నదో తొంగి చూడాలి.

రూపకర్త: కొలత తప్పయితే దాన్ని సరిదిద్దుకోవచ్చు, పద్ధతిని వదులుకోనక్కరలేదు. వండే మనిషిని నిలబెట్టి, మోచేతి నుంచి నేలకు ఉన్న ఎత్తును కొలిచి, అందులోంచి నాలుగు నుంచి ఆరు అంగుళాలు తీసేస్తే గట్టు ఎత్తు వస్తుంది. అయిదడుగుల మనిషికి అది 32, 33 అంగుళాల దగ్గర ఆగుతుంది. కార్ఖానా పెట్టెల కింద ఎత్తు మార్చుకునే కాళ్ళు ఉంటాయి, పెట్టె ఎత్తును కూడా ముందే చెప్పి తగ్గించుకోవచ్చు. ఒకసారి కట్టిన రాతి గట్టును అంగుళం కూడా దించలేరు.

ఇక్కడ ఇద్దరూ చెప్పకుండా వదిలినది ఒకటున్నది. ఇల్లు కట్టే సమయంలో మేస్త్రితో, గుత్తేదారుతో మాట్లాడేది చాలా ఇళ్ళలో మగవారు. గట్టు ముందు నిలబడేది స్త్రీలు. కొలత టేపు వండే మనిషి మోచేతి దగ్గరికి వెళ్ళకపోవడానికి కారణం పద్ధతిలో లేదు, ఎవరిని అడగాలో తెలియకపోవడంలో ఉన్నది.

వడ్రంగి: సరే, చెక్క దగ్గరికి వద్దాం. సింకు కింద పైపు ఒక చుక్క కారినా పెట్టె అడుగు బల్ల తాగేస్తుంది. రంపపు పొట్టును జిగురుతో ఒత్తి చేసిన బల్ల ఒకసారి ఉబ్బితే మళ్ళీ యథాస్థితికి రాదు. పైన అంటించిన రంగు కాగితం మాత్రం నెలల తరబడి ఆ సంగతి బయట పడనివ్వదు. ఇక్కడి ఎర్ర చెల్క నేలల్లో చెదలు గోడ మొదట్లోంచి మట్టి గూళ్ళు కట్టుకుంటూ పైకి వస్తాయి. పెట్టెల కాళ్ళకు ముందు అడ్డుపట్టీ వేసి మూసేస్తే ఆ గూళ్ళు కంటికి కనిపించవు, బొద్దింకలకు నీడ దొరుకుతుంది.

రూపకర్త: పెట్టె అంటే పొట్టు బల్లే కానక్కరలేదు. ప్లైవుడ్ అంటే పల్చని చెక్క పొరలను ఒకదాని గీతకు మరొకటి అడ్డంగా పేర్చి జిగురుతో ఒత్తినది. దాని బలం పొరల్లో ఎంత ఉన్నదో జిగురులో అంత ఉన్నది. సాధారణ వాడకానికి చేసిన ప్లైవుడ్‌కు ఐఎస్ 303, మెరైన్ ప్లైవుడ్‌కు ఐఎస్ 710 అనే భారతీయ ప్రమాణాలున్నాయి. రెండవ దానిలోని జిగురు 72 గంటలు నీళ్ళలో ఉడికించే పరీక్షకు నిలబడాలి. సింకు కింద ఆ రకాన్ని వాడి, అంచులన్నింటికీ యంత్రంతో పట్టీ అంటిస్తే తడి లోపలికి పోయే దారి మూసుకుంటుంది. ఇంటి దగ్గర చేత్తో అంటించిన అంచుకు ఆ బిగువు రాదు. కాళ్ళ ముందున్న అడ్డుపట్టీ క్లిప్పులతో పట్టి ఉంటుంది, లాగితే ఊడి వస్తుంది; నెలకొకసారి తీసి చూస్తే చెద గూడు మొదట్లోనే దొరుకుతుంది.

వడ్రంగి: అంచు పట్టీ విషయంలో యంత్రమే గెలుస్తుంది, ఆ మాట ఒప్పుకోవలసిందే. నెలకొకసారి పట్టీ ఊడదీసే ఇల్లు ఎక్కడున్నదో మాత్రం చూపించాలి. తలుపు తీయగానే కనిపించేటట్లు ఉంటేనే జనం చూస్తారు. అందుకే సింకు కింద, సిలిండరు దగ్గర రాయే ఉండాలి.

సిలిండరు విషయంలో అందచందాల మాటే రాకూడదు. ఇళ్ళలో వాడే 14.2 కిలోల సిలిండరులోని వాయువు గాలికన్నా బరువైనది కనుక, కారితే పైకి పోకుండా నేల మీద పరుచుకుని, మూసిన అరలో నిండిపోతుంది; ఒక చిన్న నిప్పురవ్వ చాలు. గట్టు వరుస తెగకుండా కనిపించాలన్న కోరికతో సిలిండరును గాలి ఆడని తలుపు వెనుక బిగించిన ప్రతి వంటిల్లూ, అది ఎంత ఖరీదైనదైనా, ప్రమాదకరమైనదే. సిలిండరును ఇంటి బయట గాలి ఆడే చోట పెట్టి గోడలోంచి గొట్టం తీసుకురావడం మేలు. లోపలే పెట్టవలసి వస్తే తలుపుకు నేల దగ్గరా పైనా కూడా గాలి సందులుండాలి, పొయ్యి సిలిండరు కన్నా ఎత్తున ఉండాలి, రెగ్యులేటరు చేతికి వెంటనే అందాలి. ఈ విషయంలో వడ్రంగికీ రూపకర్తకూ భేదం లేదు.

రూపకర్త: ఇప్పుడు తలుపు దగ్గరికి రావచ్చు. పుస్తకాల్లో ప్రధానంగా మూడు రూపాలు కనిపిస్తాయి: ఏ గీతా లేని చదును తలుపు; చుట్టూ చట్రం, మధ్యలో కొంచెం లోపలికి దిగిన పలక ఉండే షేకర్ తలుపు; మధ్య పలక ఉబ్బెత్తుగా, అంచుల్లో చెక్కడంతో ఉండే పాతకాలపు తలుపు. చాలామందికి రెండవది నచ్చుతుంది, చూడగానే చెక్కపని అనిపిస్తుంది కాబట్టి.

వడ్రంగి: అది అలంకారంగా పుట్టలేదు బిడ్డా. అసలు చెక్క వానాకాలంలో అడ్డంగా సాగుతుంది, ఎండాకాలంలో ముడుచుకుంటుంది. వెడల్పు పలకను నాలుగు వైపులా మేకులు కొట్టి బిగిస్తే పగులుతుంది. అందుకే చట్రానికి లోపలి వైపు గాడి తీసి, పలకను జిగురు లేకుండా ఆ గాడిలో వదులుగా నిలుపుతారు. బల్లార్షా టేకుతో ఇక్కడ చేసిన దర్వాజా తలుపులన్నీ ఆ సూత్రం మీదనే నిలిచాయి. నీవు చెప్పిన షేకర్ తలుపును మొదట చేసినవారు కూడా అదే చేసి ఉంటారు.

రూపకర్త: ఔను. ఆ తలుపుకు పేరిచ్చిన షేకర్లది ఇంగ్లండులో పుట్టి 1774లో అమెరికాకు వెళ్ళిన ఒక చిన్న క్రైస్తవ సమాజం; అనవసరపు చెక్కడాన్ని దోషంగా భావించారు కాబట్టి చట్రాన్ని, పలకను ఉన్నవి ఉన్నట్లు వదిలేశారు.

వడ్రంగి: మరి ఒత్తిన బల్ల సాగదు, ముడుచుకోదు. దానిమీద యంత్రంతో గాడి చెక్కి, పైన ప్లాస్టిక్ పొర వేడిచేసి అంటించి చట్రంలాగా కనిపించేటట్లు చేయడం దేనికి? పొయ్యి వేడికి ఆ పొర గాడి దగ్గరే ముందుగా లేస్తుంది. చట్రం కింది అంచు మీద పోపు నూనె, దుమ్ము కలిసి జిగటగా పేరుకుంటాయి. టేకు వాడితే చట్రం కట్టాలి, బల్ల వాడితే చదునుగా వదిలేయాలి.

ఈ సంవాదం మొత్తంలో శైలిని ఎంచుకోవడానికి పనికివచ్చే గట్టి సూత్రం ఇదే. తలుపు రూపం దాని పదార్థం స్వభావం నుంచి రావాలి. సాగే చెక్కకు చట్రం అవసరం, సాగని బల్లకు అది భారం. వంటింటి విషయంలో ఈ సూత్రం శుభ్రతతో కూడా కలిసి వస్తున్నది. నూనె, ఆవిరి తగిలే వైపు లామినేట్ పొర వేసిన చదును తలుపును తడిగుడ్డతో ఒక్క తుడుపులో శుభ్రం చేయవచ్చు. లామినేట్ అంటే కాగితపు పొరలను రెసిన్‌తో తడిపి అధిక ఒత్తిడిలో గట్టిపరిచిన పలుచని రేకు, ఊళ్ళో సన్‌మైకా అనే పాత పేరుతో అడుగుతారు. అద్దంలా మెరిసే అక్రిలిక్ తలుపు మీద గీతలు త్వరగా కనిపిస్తాయి. ముదురు రంగు తలుపు మీద బోరు నీటిలోని ఉప్పు తెల్లటి చారలుగా తేలుతుంది. మెరుపు లేని, నడిమి రంగు లామినేట్‌కు ఈ రెండు బాధలూ తక్కువ.

రూపకర్త: చదును తలుపుకు పిడి కూడా లేకుండా చేస్తే ఆ చదును ఇంకా నిండుగా కనిపిస్తుంది. తలుపు పై అంచులో లోతు గాడి తీస్తే వేళ్ళు దూర్చి తెరుచుకోవచ్చు.

వడ్రంగి: పిండి చేత్తో తెరిచే తలుపు అది. ఆ గాడి నిండా పిండి, పసుపు చేరతాయి. ఒత్తితే తెరుచుకునే రకానికి తడిచేయి ముద్రలు పడతాయి. చేతినిండా పట్టుకోవడానికి వీలైన ఉక్కు పిడి పెడితే ముసలివారూ తెరుస్తారు, పిల్లలూ తెరుస్తారు.

రూపకర్త: పిడి విషయంలో మీ మాటే నిలవనివ్వండి. గోడ మీది అరల దగ్గర మాత్రం తగ్గేది లేదు. తలుపుల్లేని అరలు పెడితే ఈ రహదారి దుమ్ము, పోపు నూనె కలిసి ప్రతి డబ్బా మీదా కూర్చుంటాయి.

వడ్రంగి: రోజూ చేతిలో తిరిగే డబ్బాకు దుమ్ము పట్టదు బిడ్డా. పోపు డబ్బా, ఉప్పు, పసుపు, టీపొడి, చక్కెర ఇవన్నీ పూటకు పది సార్లు తీసేవి. వాటికి ప్రతిసారీ తలుపు తెరిచి మూయడం ఎందుకు? పైగా వాస్తు ప్రకారం వంటిల్లు ఆగ్నేయంలో ఉండి, తూర్పు ముఖంగా వండాలని గట్టును తూర్పు గోడకే కడతారు. ఆ గోడంతా మూసిన అల్మారాలతో నింపితే పొద్దుటి వెలుగు వచ్చే కిటికీ పోతుంది లేదా సగమవుతుంది.

కిటికీ విషయంలో వడ్రంగిదే బలమైన వాదం. గోడ మీద అల్మారా ఎప్పుడైనా చేర్చుకోవచ్చు, కట్టిన గోడలో కిటికీ తెరవడం కష్టం. అయిదడుగుల మనిషి చేయి ఎత్తితే అందేది సుమారు ఆరడుగుల దాకా. అంతకు పైన ఎన్ని అల్మారాలు పెట్టినా అవి సజ్జ పని చేస్తాయి తప్ప రోజువారీ వాడకానికి రావు. బోనాలకూ బతుకమ్మకూ చుట్టాలు వచ్చినప్పుడు దించే పెద్ద గంజులకు, బిందెలకు ఆ చోటు చాలు.

వడ్రంగి: చివరికి ఒకటి అడగాలి. పెట్టెలు అమ్మినవాడు దుకాణం మూసుకుంటే ఈ ఊళ్ళో వాటిని బాగుచేసేది ఎవరు?

రూపకర్త: మీరే, పెద్దనాయనా. తలుపులో కనిపించకుండా దాగే కీలు గిన్నెకు 35 మిల్లీమీటర్ల వ్యాసం అని దాదాపు ప్రపంచమంతా ఒకే కొలత స్థిరపడింది. ఒక సంస్థ కీలు పోతే మరొక సంస్థ కీలు అదే రంధ్రంలో కూర్చుంటుంది. మూడు మరలతో తలుపును పైకీ, పక్కకూ, లోపలికీ సరిచేయవచ్చు. ప్లైవుడ్ పలక సాధారణంగా 8 అడుగుల పొడవు, 4 అడుగుల వెడల్పే. కొలతలు ప్రామాణికమైనవి కాబట్టే మరమ్మతు సులభం.

వడ్రంగి: కీలు దొరుకుతుంది, రంగు దొరకదు. అయిదేళ్ళ తరువాత ఆ లామినేట్ రంగు తయారు కావడం ఆగిపోతే ఒక్క తలుపు వేరుగా కనిపిస్తుంది. కొన్నప్పుడే ఒక పలక అదనంగా కొని సజ్జ మీద పెట్టించాలి.

రూపకర్త: ఆ సలహా ఈ పూటే రాసుకోవచ్చు.

ఇద్దరి మాటలనూ తూచిన మీదట శేరిగూడ లాంటి ఊళ్ళో సొంత ఇంటికి తగిన తీర్పు ఒకే పద్ధతి వైపు మొగ్గదు. సింకు కింద, సిలిండరు దగ్గర, పచ్చడి జాడీలు నిలిచే చోట కడప రాయి లేదా తాండూరు బండ అరలు ఉండాలి. తాండూరు 2016 దాకా శేరిగూడ ఉన్న రంగారెడ్డి జిల్లాలోనే ఉన్నది, ఆ బండ ఇక్కడి ఇళ్ళకు కొత్త కాదు. పొయ్యికి రెండు వైపులా ఉన్న పొడి భాగంలో ప్లైవుడ్ పెట్టెలు, వాటిలో తలుపులకన్నా సొరుగులు ఎక్కువ ఉండాలి. తలుపులు చదునుగా, మెరుపు లేని లామినేట్‌తో, పట్టుకోదగ్గ పిడులతో ఉండాలి. చట్రం తలుపు మీద మనసున్నవారు దానిని పొయ్యికి దూరంగా ఉన్న గాజు, పింగాణీ సామాను అల్మారాకు అసలైన టేకుతో చేయించుకోవచ్చు. గోడ మీద కిటికీకి చోటు వదిలి, చేతికి అందే ఎత్తులో ఒక తెరిచిన అర, దానికి పక్కగా మూసిన అల్మారాలు సరిపోతాయి.

ఇల్లు కట్టుకుంటున్నవారు బయానా ఇచ్చే ముందు మూడు పనులు తప్పక చేయాలి. వండే మనిషిని వెంటబెట్టుకుని వెళ్ళి మోచేతి ఎత్తు కొలిపించాలి. బల్ల ఏ రకం, ఎన్ని మిల్లీమీటర్ల మందం, పలక మీద ఐఎస్ ముద్ర ఉన్నదా, సొరుగులు ఎన్ని, కీళ్ళు ఎవరివి అన్నవి ధర కాగితం మీదనే రాయించాలి. చదరపు అడుగు ధర చెప్పినప్పుడు ఆ కొలత తలుపు ముఖానిదా పెట్టె మొత్తానిదా, సొరుగు పట్టాలు, లోపలి తీగ బుట్టలు అందులో కలిసి ఉన్నాయా విడిగానా అని అడిగి, జవాబును కూడా అదే కాగితం మీద సంతకంతో తీసుకోవాలి.